ఒడిలో చలిమిడి

బర్మామైన్స్‌లో రైల్వే క్వార్టర్ల చివరి వరసని అందరూ తెలుగోళ్ల లైను అంటారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి టాటానగర్ స్టేషన్లోనూ లోకో షెడ్డులోనూ కుదురుకున్న కుటుంబాలవి. లైనంతటికీ ఒకటే కుళాయి. పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు నీళ్లు వదులుతారు. ఎవరింట్లో ఏం కూర, ఎవరి మొగుడు డ్యూటీ ఎగ్గొట్టాడు, ఎవరి కోడలు అత్తకి ఎదురు చెప్పింది, అన్నీ ఆ కాసేపట్లోనే తేలిపోవాలి. తేల్చే మనిషి దాలమ్మ. ఆవిడ నోటికి లైనంతా హడలు. చెయ్యి మాత్రం పెద్దది, అదీ చెప్పుకోవాలి. ఏ ఇంట్లో పొయ్యి వెలగకపోయినా ముందు వెళ్లే గిన్నె ఆవిడదే.

నీలకంఠం భార్య పద్మకుమారి ముఖం మీద ఎర్రమచ్చ మొదట చూసింది కూడా దాలమ్మే.

"ఏటే పద్మా, ఆ మొకమేటి అలగయిపోనాది?"

"ఎండకి, పిన్నీ," అంది పద్మ.

అబద్ధం ఆడాననుకుని ఇంటికొచ్చి అద్దం చూసుకుంది. నిజానికి తను అన్న మాటే నిజమని తర్వాత డాక్టరు చెప్పాక గాని తెలియలేదు. ముక్కుకి రెండు వైపులా, రెండు బుగ్గల మీదా కందినట్టు ఎరుపు. అప్పటికే పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకునేవి కావు. బియ్యంలో రాళ్లు ఏరాలంటే ఏడుపొచ్చేది. దువ్వెన నిండా జుట్టు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. అత్త వరహాలమ్మ వేపాకు నూరి రాసింది, పసుపు రాసింది, పోలిపల్లి గుడి నుంచి తెచ్చిన విబూది పెట్టింది. మచ్చ ఇంకా ఎర్రబడింది.

"కొంగు కప్పుకో. దాలమ్మ కంట పడకు. సన్యాసమ్మ సంగతి మర్సిపోనావా?" అంది వరహాలమ్మ ఒకనాడు తలుపేసి.

ఎలా మర్చిపోతుంది? అంతకు ముందు ఏడాది వరకు సన్యాసమ్మ అదే లైన్లో ఉండేది. గ్యాంగ్‌మన్ భార్య. ఆవిడ ముఖం మీదా ఇలాగే మచ్చలు లేచాయి. పెద్దరోగం, అంటే కుష్టు, అని దాలమ్మ అంది. అంతే. ఆవిడతో ఎవరూ తగువు పెట్టుకోలేదు, వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు. మన వాళ్లు అంత మోటు మనుషులు కారు. ఆవిడ కుళాయి దగ్గర బకెట్టు పెట్టగానే పక్కనున్న బకెట్లు జానెడు అటు జరిగేవి, అంతే. కొత్తగా కాపురానికి వచ్చిన పద్మ కూడా జరిపింది. ఒంగడానికి బద్ధకించి కాలితో జరిపింది. సన్యాసమ్మ ఆ కాలి వైపు చూసి తల తిప్పుకుంది. ఎండలు ముదిరేలోపు వాళ్లు ఊరవతల బిర్సానగర్‌లో ఒక గది చూసుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు ఆ కాలు పద్మకి రోజూ గుర్తొస్తోంది.

నీలకంఠం లోకో షెడ్డులో ఫిట్టరు. ఇంజన్లో ఏ నట్టు వదులైందో చప్పుడు విని చెప్పగలడు గాని, ఇంట్లో అమ్మా పెళ్లామూ మాట్లాడుకుంటుంటే మాత్రం చెవులు పనిచెయ్యవు. చివరికి పద్మ ఒక పొద్దున మంచం దిగలేకపోయేసరికి సైకిలెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. రక్తం తీశారు, మళ్లీ రమ్మన్నారు, మళ్లీ తీశారు. డాక్టరమ్మ బెంగాలీ ఆవిడ. ల్యూపస్ అంది. హిందీలో ఓపిగ్గానే చెప్పింది గాని, భయంతో పద్మకి రెండే ముక్కలు ఎక్కాయి. ధూప్‌లోకి, అంటే ఎండలోకి, వెళ్లకూడదు. బచ్చా, అంటే బిడ్డ, ఇప్పుడే వద్దు.

నీలకంఠం మందుల వరసలో నిలబడ్డాడు. పద్మ కూర్చోడానికి చోటు వెతుకుతుంటే బల్ల మీద ఒకావిడ కొద్దిగా జరిగి జాగా ఇచ్చింది. పొడుగు చేతుల జాకెట్టు, ఒళ్లో నల్లగొడుగు. సన్యాసమ్మ.

పద్మ కొంగు ముఖం మీదకి లాక్కుంది. అప్పటికే ఆలస్యమైంది.

"నువ్వేటే ఇక్కడ? రా, కూకో. ఏదీ మొకం సూపించు," అని సన్యాసమ్మ తనే కొంగు తొలగించింది. "ఓలమ్మ! నాకొచ్చిందే నీకూ వచ్చింది."

"పెద్దరోగమా?" అంది పద్మ.

"కాదే పిచ్చిదానా. అంటదు. మా ఆయనకి అంటలేదు, పిల్లడికి అంటలేదు. మన ఒంట్లో కాపలా కాసేదేదో ఉంటాదట, అది మతి సెడి మన మీదకే తిరగబడతాదట. డాక్టరమ్మని ఇసిగించి ఇసిగించి అడిగినాను, నాకు బుర్రకెక్కిందాకా. నీకేటిచ్చారు? తెల్ల బిళ్లలేనా?"

పద్మ తలూపింది.

"ఇను మరి. మొకం పూరీలా పొంగుతాది. ఆకలి దంచేత్తాది. సూసుకుని బయపడి బిళ్లలు మానేకు. నాను మానేసినాను ఓపాలి, మొకం బాగోలేదని. వారం తిరక్కుండా కాళ్లు వాచిపోయి, ఊపిరాడక వార్డులో పడ్డాను. సచ్చి బతికినాను. తగ్గించాలంటే డాక్టరమ్మే తగ్గిత్తాది, మెల్లిగా. పొద్దున ఏళ్లు బిగుసుకుంటే గోరెచ్చటి నీళ్లలో ఎట్టు. గొడుగు లేకండా గడప దిగకు. నవ్వుతారు, నవ్వనీ."

"పిల్లలు వద్దన్నాది..."

"ఇప్పుడొద్దంటాది. ఎప్పటికీ వద్దనలేదు కదా? జబ్బు నెమ్మదించాక, ఆవిడతో సెప్పి కనొచ్చంట."

ఇంతసేపట్లో పద్మకి మొదటిసారి ఊపిరి లోపలికి దిగినట్టయింది. మందులు తెచ్చిన నీలకంఠం బిళ్ల ఇప్పుడే వేసుకోమన్నారని చేతిలో పెట్టి సైకిలు చూసుకోడానికి వెళ్లాడు. సన్యాసమ్మ సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత విప్పి ఇచ్చింది.

"ఒద్దు," అంది పద్మ. అని, "దాహం నేదు," అని కలిపింది.

దాహం లేనిదెవరికి? బిళ్ల ఉత్తినే మింగింది. అది గొంతులో అతుక్కుని చేదంతా దిగింది. అంటదని అప్పుడే విన్న మనిషి, తనకీ అదే జబ్బున్న మనిషి, ఆ సీసా ముట్టుకోలేకపోయింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, కానీ చెయ్యి మాత్రం చాపలేదు. సన్యాసమ్మ సీసాకి మూత పెట్టి సంచిలో వేసుకుంది.

లేచేటప్పుడు మాత్రం చెయ్యి పట్టుకుంది. "ఒక్క సాయం సెయ్యి. నాది పెద్దరోగం కాదని లైన్లో సెప్పు. నాను సెప్తే నమ్మలేదు, నువ్వు సెప్తే నమ్ముతారు. మా సూర్యం ఇంకా ఆ బడికే ఎల్తన్నాడు. మనోళ్ల పిల్లలు ఆడి పక్కన కూకోరంట."

"సెప్తాను," అంది పద్మ.

చెప్పాలంటే నీకెలా తెలుసు అని దాలమ్మ అడుగుతుంది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు రాలేదు. ముఖం పొంగడమే ముందు వచ్చింది. బుగ్గలు ఉబ్బి, గడ్డం కింద మడత పడి, మచ్చ ఎరుపు తగ్గి నిగనిగలాడింది. వద్దన్నా ఆకలి. ఎండలోకి రాదు, వస్తే గొడుగు. మధ్యాహ్నాలు పడుకుంటుంది. కుళాయి దగ్గర దాలమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని ఎగాదిగా చూసింది.

"ఏటే గుంటా, నీళ్లోసుకున్నావా ఏటి?"

ఆడవాళ్లందరూ పనులాపి చూశారు. పద్మ నోరు తెరిచింది. కాదంటే మరేమిటని అడుగుతారు. ఆ మరేమిటికి జవాబు పక్కకి జరిగిన బకెట్టు. తల దించుకుంది. తల దించుకుంటే మన వాళ్లకి ఇంకేం కావాలి? కిలకిలమని నవ్వులు లేచాయి. ఎవరో అప్పుడే బకెట్టు లాక్కుని, "నువ్వు మొయ్యకే!" అన్నారు.

ఇంటికొచ్చి చెబితే వరహాలమ్మ నెత్తి కొట్టుకుంటుందనుకుంది పద్మ. ఆవిడ కాసేపు ఆలోచించి, "అవునననీ," అంది. "పెద్దరోగం అనుకునే కంటే నయం కదా. నాలుగు రోజులు పోనీ."

కోడలంటే ప్రేమ లేక కాదు. కొడుకు ఉద్యోగం ఇక్కడే, రిటైరయ్యేదాకా ఈ కుళాయే దిక్కు. కోడలి బతుకూ తన పరువూ ఒకే మూటలో కట్టి దాచుకోవాలని చూసింది పాపం.

ఆ నాలుగు రోజులు ఎండాకాలం పొడుగునా సాగాయి. లైను మొత్తం పద్మని నెత్తిన పెట్టుకుంది. దాలమ్మ పచ్చిమావిడికాయ పప్పు పంపేది. ఇంకొకరు ఎండుచేపల పులుసు. ఇంగిలీసు బిళ్లలు మింగితే బిడ్డకి మంచిది కాదని దాలమ్మ గట్టిగా చెప్పిన నాటి నుంచి పద్మ బియ్యం డబ్బా వెనక నిలబడి, తలుపు గడియ వేసి, దొంగలా మింగేది. నీళ్లు మాత్రం నూకమ్మ మోసింది. మూడో క్వార్టరు మనిషి. పెళ్లయి ఎనిమిదేళ్లయినా ఆవిడకి కడుపు పండలేదు. రెండు చేతులా బకెట్లతో, చెంగు దోపుకుని, లూ అనే వడగాలిలో వచ్చేది. "నువ్వు కూకోయే, నీకేల," అని గాబు నింపి, చెమట తుడుచుకుని, వెళ్లే ముందు పద్మ పొట్ట వైపు ఒకసారి చూసి నవ్వేది.

ఆ నవ్వు పద్మకి అన్నం దగ్గర గుర్తొచ్చేది. ఆకలేసి తినేది, తింటూ తనని తాను అసహ్యించుకునేది. ఆసుపత్రికి వెళ్లిన రోజుల్లో సన్యాసమ్మ గొడుగు కనబడితే స్తంభం వెనక బల్ల మీద కూర్చునేది. చెప్పావా అని ఆవిడ అడిగితే ఏమంటుంది?

అయిదో నెలని వాళ్లే లెక్క కట్టారు. చలిమిడి పుట్టింటివాళ్లు పెట్టాలి. కానీ ఇక్కడి ఆడవాళ్ల పుట్టిళ్లన్నీ రైలెక్కి ఒక రాత్రీ ఒక పగలూ పోతేగాని అందవు. అందుకని ఎప్పటి నుంచో ఆ లైన్లో ఒక ఆచారం ఉంది. లైనే పుట్టిల్లు. ఇంటింటి నుంచి బియ్యం, ఇంటింటి నుంచి బెల్లం వస్తాయి. అందరూ కలిసి ఒకే రోట్లో దంచి, ఒకే పాకం పట్టి, కడుపుతో ఉన్న పిల్ల ఒళ్లో పెడతారు.

ఆ సంగతి తెలిసిన సాయంత్రం వరహాలమ్మ కోడల్ని వంటింట్లోకి పిలిచింది.

"చలిమిడి కానీ. ఆ తరవాత బిళ్లలు మానేయి. మొకం తగ్గిపోద్ది. కడుపు పోనాదని సెప్పేద్దాం. లైనంతా వచ్చి ఓదారుత్తారు, అక్కడితో సరి."

"మానేత్తే సచ్చిపోతానత్తా."

"ఎవులు సెప్పారు?"

సన్యాసమ్మ చెప్పింది అనడానికి పద్మకి నోరు రాలేదు. ఆ పేరు ఎత్తితే అన్నీ ఎత్తాలి. గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటున్న నీలకంఠానికి ఇదంతా వినబడింది. అతను విప్పిన బూటు మళ్లీ తొడుక్కుని బయటికి పోయాడు.

చలిమిడి రోజున పెరట్లో పీట వేశారు. నీడ వైపు వెయ్యమని పద్మ అడిగితే, "మా గుంటకి ఎండంటే దొరసానికున్నంత బయ్యం," అని దాలమ్మ నవ్వుతూనే పీట గోడ పక్కకి లాగింది. పసుపు రాశారు, గాజులు తొడిగారు. నానిన బియ్యప్పిండి, బెల్లప్పాకం వాసన పెరడంతా నిండింది. దాలమ్మ రెండు చేతులా ఎత్తి చలిమిడి ముద్ద పద్మ ఒళ్లో పెట్టింది. ఇంకా వెచ్చగా ఉంది. చీర లోంచి ఆ వెచ్చదనం పొట్టకి తగిలింది. అక్కడ ఏమీ లేదని పద్మకి తెలుసు. ఒక్క క్షణం ఉన్నట్టే అనిపించి కళ్లలో నీళ్లు తిరిగాయి. అందరూ సంతోషం అనుకున్నారు.

"నూకమ్మా, రాయే," అంది దాలమ్మ.

వాళ్లలో ఇంకో నమ్మకం ఉంది. ఒళ్లో పెట్టిన చలిమిడిలోంచి మొదటి ముద్ద ఆ పిల్ల చేత్తో పిల్లల్లేని ఆడది తింటే మంచిదని. నూకమ్మ తలంటుకుని, పెట్టెలో చీర కట్టుకుని వచ్చింది. అంతమందిలో ఆవిడకి సిగ్గుగానే ఉంది. అయినా పీట ముందు మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులా కొంగు పట్టింది.

"ఇయ్యే తల్లీ."

నీళ్లు మోసి మోసి ఆ అరచేతుల్లో కాయలు కాశాయి. పద్మ ముద్ద తుంచింది. చెయ్యి ముందుకి రాలేదు. అత్త వెనక నుంచి భుజం మీద వేలితో పొడిచింది.

"నూకప్పా, నాను ఇవ్వలేను."

"అదేటే?"

"నా కడుపులో ఏటీ నేదు."

పెరట్లో గాజుల చప్పుడు ఆగిపోయింది. వరహాలమ్మ ఏదో అనబోయింది, దాలమ్మ చెయ్యెత్తి ఆపింది. పద్మ ఎవరి ముఖమూ చూడలేదు. ఒళ్లో ముద్ద వైపే చూస్తూ చెప్పింది.

"జబ్బొచ్చింది. బిళ్లలకి మొకం పొంగింది. మీరు నీళ్లోసుకున్నాననుకున్నారు, నాను కాదననేదు. సన్యాసమ్మకొచ్చిన జబ్బే నాదీ. పెద్దరోగం కాదది, అంటదు. ఈ మాట మీకు సెప్పమని ఆవిడ నా సెయ్యట్టుకుని అడిగింది. సెప్తానని మాటిచ్చి సెప్పలేదు. మీ పులుసు తిని, మీ సేత నీళ్లు మోయించుకుని కూకున్నాను."

 దాలమ్మ లేచి చీర దులుపుకుంది.

"సన్యాసమ్మా ఇదే మాటంది, అంటదని," అని వెళ్లిపోయింది.

ఆవిడ వెనకే ఒక్కొక్కరూ. నూకమ్మ చివర లేచింది. కొంగు ఖాళీగానే భుజం మీద వేసుకుంది. "ఇంటింటికీ ఎల్లి బెల్లం అడిగినాను కదే నీకోసం," అంది. ఆ మాటలో కోపం ఉంటే పద్మ తట్టుకునేది.

ఆ సాయంత్రం వరహాలమ్మ వంటింట్లో గోడ వైపు తిరిగి కూర్చుంది. "నా పరువు గంగలో కలిపినావు," అని ఒకసారి అంది. డ్యూటీ నుంచి వచ్చిన నీలకంఠం సంగతంతా విని, పళ్లెంలో మిగిలిన చలిమిడి ముందు కూర్చుని, ఏం చెయ్యాలో తోచక కొంచెం తుంచి నోట్లో వేసుకున్నాడు. "బాగుంది," అన్నాడు. ఇంత గొడవలో అతనికి దొరికిన మాట అదొక్కటే. పద్మకి ఏడుస్తూనే నవ్వొచ్చింది. కాసేపటికి వరహాలమ్మ లేచి, బియ్యం డబ్బా వెనక నుంచి బిళ్లల సీసా తెచ్చి, గ్లాసుతో నీళ్లు పెట్టింది.

"మింగు. ఇంక దాసుకోడం దేనికి?"

తెల్లారి పద్మ గొడుగు వేసుకుని, తన బకెట్టు తనే పట్టుకుని కుళాయికి వెళ్లింది. బకెట్టు పెట్టింది. పక్క బకెట్లు జరిగాయి.  ఒక చిన్న కోడలు కాలితో జరిపింది. పద్మ ఆ కాలి వైపు చూసి తల తిప్పుకుంది. సన్యాసమ్మ అప్పుడెందుకు తల తిప్పుకుందో తెలిసింది. ఎదుటివాళ్లు సిగ్గుపడతారేమోనని ఎదురుచూడటం అంతకంటే సిగ్గు.

అలా కొన్నాళ్లు గడిచాక ఒక పొద్దున నూకమ్మ వచ్చి తన బకెట్టు పద్మ బకెట్టుకి తగిలేలా ఠంగున పెట్టింది.

"నీ మొకం సూసి కాదు. ఇంకెక్కడా జాగా నేదు," అంది.

చుట్టూ కావలసినంత జాగా ఉంది.

మళ్లీ ఆసుపత్రి రోజు వచ్చినప్పుడు పద్మ స్తంభం వెనకకి వెళ్లలేదు. సన్యాసమ్మ బల్ల మీదే ఉంది. పద్మని చూసి జరిగి జాగా ఇచ్చింది. ఈసారి సీసా తియ్యలేదు. సంచి తీసి అటు పక్కన పెట్టుకుంది, తగలకుండా. ఆ చిన్న పని పద్మ చూసింది. తను నేర్పిన పాఠమే అది.

"వదినా," అంది. ఆవిడని వరస పెట్టి పిలవడం అదే మొదలు. "బిళ్లేసుకోవాలి. నీళ్లిత్తావా?"

సన్యాసమ్మ ఆమె ముఖంలోకి చూసింది. వెంటనే ఇవ్వలేదు. తర్వాత సంచిలోంచి సీసా తీసి, మూత విప్పి ఇచ్చింది. పద్మ మూతి ఆనించి తాగింది, గడగడా తాగింది. సగం ఖాళీ అయింది.

"లైన్లో సెప్పేసినాను వదినా. అంతా."

"ఎప్పుడు?"

"ఈమద్దినే. ముందే సెప్పుండాల్సింది. సెప్పలేదు. నీ బకెట్టు కాడ కూడా..."

"గురుతుంది," అంది సన్యాసమ్మ. ఫర్వాలేదని అనలేదు. "సెప్తే ఏటన్నారు?"

"నమ్మలేదు. నా బకెట్టు ఇడిగా ఎట్టేసినారు. నూకప్పొకర్తే పక్కనెడతాది."

సన్యాసమ్మ సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తి ఎన్ని నీళ్లు మిగిలాయో చూసి, తనూ ఒక గుక్క తాగి మూత పెట్టింది. మందుల వరస వైపు చూసింది.

"ఆ కుళాయికి తూరుపేపు గోడుంటాది, గురుతుందా?" అంది. "పొద్దున ఎండ అటు పడదు. ఎలాగూ ఇడిగానే నిలబెడతారు కదా, నువ్వటేపు నిలబడు. నాకది తెలిసేసరికి ఇల్లు ఖాళీ సేసేసినాం."